ఆ చెయ్యి అక్కడికి ఎప్పుడు వెళ్లింది?

అబ్బాయ్, ఆ పెనాల్టీ సరైనదా కాదా అని నువ్వు అడిగింది మిగతావాళ్లకి కూడా అర్థమవ్వాలి కాబట్టి ముందు దాన్ని రెండు ముక్కల్లో చెప్తాను. ఆదివారం అమలాపురం దగ్గర కాలేజీ గ్రౌండ్‌లో ఫుట్‌బాల్ ఫైనల్. స్కోరు 1-1, ఇంకో ఐదు నిమిషాల ఆట మిగిలింది. ఎదుటి జట్టు ఫార్వర్డ్ పెనాల్టీ ఏరియాలోంచి గట్టిగా షాట్ కొట్టాడు. మీ స్టాపర్, అంటే గోల్ ముందు మధ్యలో ఆడే డిఫెండర్, అతనికి రెండు మీటర్ల దూరంలో ఉన్నాడు, భయపడి వీపు తిప్పేశాడు, బంతి ఎడమ మోచేతికి తగిలి బయటికి పోయింది. రిఫరీ పెనాల్టీ ఇచ్చాడు, మీరు 2-1తో ఓడిపోయారు. అప్పటినుంచి మీ వాట్సాప్ గ్రూపులో "చెయ్యి తగిలితే పెనాల్టీయే" అని కొందరు, "కావాలని పెట్టలేదు, అంత దగ్గర్నుంచి కొడితే చెయ్యి ఎక్కడికి తీస్తాడు" అని కొందరు, "యూరోలో కుకురెయాకి ఇవ్వలేదుగా, మనకే ఎందుకిచ్చారు" అని ఇంకొందరు (కుకురెయా అంటే యూరో కప్‌లో ఆడిన స్పెయిన్ డిఫెండర్, ఆ సంగతి తర్వాత చెప్తాను). బావా బామ్మర్దులు ఇద్దరు ఈ గొడవలో మాట్లాడుకోవడం కూడా మానేశారని రాశావు. అది చదివి బాధేసింది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

22 ఏళ్లుగా మన గోదావరి జిల్లాల్లో స్కూలు మ్యాచ్‌లకి, కాలేజీ మ్యాచ్‌లకి, సంక్రాంతికి ఊళ్లలో పెట్టే టోర్నమెంట్లకి విజిల్ ఊదుతున్నాను. నువ్వు పంపిన 11 సెకన్ల వీడియో పదిసార్లకి పైనే చూశాను. నా మాట ముందే చెప్పేస్తాను: ఆ పెనాల్టీ సరైనదే. కానీ మీ గ్రూపులో దాన్ని సమర్థించిన వాళ్లు చెప్పిన కారణం తప్పు. ఆ కారణమే పట్టుకుని కూర్చుంటే వచ్చే మ్యాచ్‌లో ఇంకో విషయానికి వాళ్లే తప్పుగా అరుస్తారు.

బంతి చేతికి తగలడం ఒక్కటే తప్పు అని ఫుట్‌బాల్ నియమాల్లో ఎక్కడా లేదు. నియమాలు రాసే ఐఎఫ్ఏబీ పన్నెండో నియమంలో, చేతికో భుజం కింది భాగానికో బంతి తగిలిన ప్రతిసారీ అది తప్పు కాదని స్పష్టంగానే రాసింది. తప్పు ఎప్పుడంటే, ఆటగాడు కావాలని ముట్టుకున్నప్పుడు, అంటే చెయ్యి బంతి వైపు కదిలినప్పుడు. లేదా చెయ్యి పెట్టిన తీరు వల్ల ఒంటిని అసహజంగా పెద్దది చేసుకున్నాడు అనిపించినప్పుడు. ఇక మూడోది గోలు కొట్టేవాడికి సంబంధించింది, పొరపాటున తగిలినా సరే, తన చేతి నుంచి నేరుగా గోల్‌లోకి వెళ్తేనో, తగిలిన వెంటనే తనే గోలు కొడితేనో అది చెల్లదు. జట్టులో ఇంకొకడి చేతికి పొరపాటున తగిలి, తర్వాత వేరేవాడు గోలు కొడితే మాత్రం 2021 నుంచి అది గోలే. ఈ తేడా తెలియక మన గ్రౌండ్లలో జరిగినన్ని గొడవలు మరే విషయంలోనూ చూడలేదు.

చెయ్యి అంటే ఎక్కడినుంచి లెక్క అనేది కూడా చెప్పాలి. చంక అడుగు భాగం నుంచి గీత గీసినట్టు ఊహించుకో. దానికి పైన ఉన్నది భుజం, అక్కడ తగిలితే ఏమీ లేదు. కింద ఉన్నదే చెయ్యి. ఈ గీత 2020లో నియమాల్లోకి స్పష్టంగా వచ్చింది. మీ స్టాపర్ విషయంలో ఈ అనుమానమే లేదు, తగిలింది మోచేతికే.

ఇప్పుడు అసలు చిక్కు "అసహజంగా పెద్దది" అనే మాట దగ్గర ఉంది. నియమం ఏమంటుందంటే, ఆ సమయంలో ఆ ఆటగాడి ఒంటి కదలిక వల్ల చెయ్యి అక్కడికి వెళ్లిందా, లేక ఆ కదలికతో సంబంధం లేకుండా అక్కడ ఉందా అని చూడమంటుంది. దీన్ని కుర్ర రిఫరీలకి చెప్పాల్సొస్తే నేను వర్షంలో చేలగట్టు మీద నడిచేవాణ్ణి గుర్తు చేస్తాను. కాలు జారితే వాడి రెండు చేతులూ ఒక్కసారే విచ్చుకుంటాయి. అది ఎవరూ నేర్పింది కాదు, పడిపోకుండా ఒళ్లు తనంతట తనే చేసుకునే పని. హెడ్ కోసం ఎగిరినప్పుడు కూడా అంతే, చేతులు ఒంటికి అతికించుకుని ఎవడూ ఎగరలేడు. పరుగెడుతున్నవాడి చెయ్యి ఊగుతుంది. ఇవన్నీ సహజమే. అందుకే నేను ఎప్పుడూ బంతి తగిలిన చేతిని కాదు, రెండో చేతిని చూస్తాను. నిలదొక్కుకోవడానికే అయితే రెండు చేతులూ ఏదో ఒక రకంగా జతగా కదులుతాయి. ఒకటి భుజం ఎత్తుకి లేచి, రెండోది తొడ పక్కన చల్లగా వేలాడుతుంటే ఆ లేచిన చెయ్యి నిలదొక్కుకోవడానికి లేచింది కాదు.

ఇప్పుడు నీ వీడియో మళ్లీ పెట్టు. ఫార్వర్డ్ కాలు బంతికి తగలకముందు ఆపు, తగిలిన తర్వాత కాదు. మీవాడి రెండు పాదాలూ నేల మీదే ఉన్నాయి. ఎగరడం లేదు, పరుగెత్తడం లేదు, జారడం లేదు. కుడి చెయ్యి తొడకి ఆనుకుని ఉంది. ఎడమ మోచెయ్యి మాత్రం అప్పటికే భుజం దాకా లేచి పక్కకి వచ్చేసింది. ఆ తర్వాత వీపు తిప్పాడు. అంటే షాట్ రాకముందే, గోల్ వైపు వెళ్లే దారిలో తన ఒంటికి ఇంకో అడుగున్నర వెడల్పు కలుపుకున్నాడు. కావాలని చేశాడని నేను అనను. ఆ వయసు కుర్రాడు, అంత గట్టి షాట్ మీదికొస్తుంటే మొహం కాపాడుకోవాలనే చూస్తాడు. కానీ చెయ్యి అలా పెట్టినవాడు బంతి తగిలే ప్రమాదాన్ని తనే నెత్తికెత్తుకున్నట్టు అని నియమం చెప్తోంది.

"అంత దగ్గర్నుంచి కొడితే" అన్న మాటకి వద్దాం, ఎందుకంటే మీ గ్రూపులో ఎక్కువమంది దీన్నే పట్టుకున్నారు, దానిలో సగం నిజం కూడా ఉంది. గట్టి షాట్ సెకనుకి 25 మీటర్లు పోతుంది అనుకో. రెండు మీటర్ల దూరం దాటడానికి సెకనులో పన్నెండో వంతు కూడా పట్టదు. కంటికి కనబడిన దానికి మనిషి చెయ్యి కదలాలంటే దాదాపు సెకనులో ఐదో వంతు కావాలి. అంటే షాట్ చూశాక మీవాడు చెయ్యి పెట్టడమూ సాధ్యం కాదు, తీసుకోవడమూ సాధ్యం కాదు. ఇది నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. దీంతో తేలేది ఒక్కటే, అతను కావాలని బంతిని ముట్టుకోలేదు. మొదటి తలుపు మూసుకుంది. రెండో తలుపు అలాగే తెరుచుకుని ఉంది, ఎందుకంటే అది షాట్ తర్వాత ఏం చేశాడని అడగదు, షాట్‌కి ముందు చెయ్యి ఎక్కడుందని అడుగుతుంది. దూరం తక్కువైతే తప్పు పోతుంది అనే మాట నియమంలో లేదు. రిఫరీ ఆలోచించుకోవడానికి అదొక ఆధారం, అంతవరకే.

బంతి ముందు అతని మోకాలికో తొడకో తగిలి అక్కణ్ణుంచి చేతికి ఎగిరి ఉంటే నేను విజిల్ ఊదేవాణ్ణి కాదు. మోచెయ్యి పైకి కాకుండా ఒంటివైపు లాక్కుంటూ ఉన్నా చాలావరకు వదిలేసేవాణ్ణి. వీడియోలో ఈ రెండూ లేవు.

ఇలా ఖచ్చితంగా చెప్పడానికి నాకో కారణం ఉంది. చాలా ఏళ్ల కిందట రాజోలు వైపు ఒక మ్యాచ్, ఆగస్టు నెల, పొద్దుటినుంచీ ఒకటే వాన. గ్రౌండంతా ఒండ్రు మట్టి, అడుగేస్తే చీలమండ దాకా దిగిపోతోంది. ఒక డిఫెండర్ స్లైడ్ చేస్తూ పడ్డాడు, బంతి అతని తొడకి తగిలి చేతికి తగిలింది. నేను వెనకనుంచి పరుగెత్తుకొస్తున్నాను, నాకు బంతీ చెయ్యీ తప్ప ఇంకేమీ కనబడలేదు, జనం "హ్యాండ్ హ్యాండ్" అని కేకలు, నోట్లో విజిల్ ఉంది, ఊదేశాను. పెనాల్టీ గోలైంది, ఆ జట్టు ఓడిపోయింది. మ్యాచ్ అయ్యాక ఆ అబ్బాయి నా దగ్గరికొచ్చి ఒక్క మాట కూడా అనకుండా అరచెయ్యి చూపించాడు. అరచేతి నిండా మట్టి, మణికట్టు దాకా. ఆ చెయ్యి నేలకి ఆనించి ఉంది. పడేటప్పుడు ఒళ్లు బరువు కాసుకోవడానికి నేలకి పెట్టిన చెయ్యి అది. పక్కకి చాపినది కాదు, పైకెత్తినది కాదు. నేను ఇచ్చింది తప్పుడు పెనాల్టీ. అప్పటికి చేసేదేమీ లేదు, స్కోరు మార్చలేం. వాళ్లు బస్సెక్కే చోటికి వెళ్లి ఆ అబ్బాయితోనూ వాళ్ల డ్రిల్లు మాస్టారుతోనూ తప్పు నాదేనని చెప్పాను. ఆ మట్టి చెయ్యి ఇవాళ్టికీ కళ్లముందుంది.

ఆ రోజునుంచి రెండు అలవాట్లు చేసుకున్నాను. విజిల్ నోట్లో పెట్టుకోను, చేతిలో పట్టుకుంటాను. చేతిలోంచి నోటికి రావడానికి పట్టే ఆ క్షణంలోనే "చెయ్యి అక్కడికి ఎందుకెళ్లింది" అని ఒకసారి లోపల అడుక్కోవచ్చు. రెండోది, ఆట వెనకాల తిన్నగా పరుగెత్తను, పక్కనుంచి కోణంలో ఉంటాను, ఎందుకంటే వెనకనుంచి చూస్తే ఒంటికి ముందున్న చెయ్యి, పక్కకున్న చెయ్యి ఒకేలా కనబడతాయి. మీ మ్యాచ్ రిఫరీ నీ వీడియోలో ఎక్కడున్నాడో చూశావా? పెనాల్టీ ఏరియా మూల దగ్గర, పది పన్నెండు మీటర్ల దూరంలో, పక్కనుంచి చూస్తున్నాడు, మధ్యలో ఎవరూ అడ్డం లేరు. విజిల్ కూడా తగిలిన వెంటనే రాలేదు, ఒక్క క్షణం ఆగి ఊదాడు. మీ గ్రూపులో ఎవరో "ఆలోచించి ఇచ్చాడంటే అనుమానం ఉన్నట్టే" అని రాశారట. అలా కాదు. ఆలోచించి ఇచ్చాడు కాబట్టే నాకు అతని మీద గౌరవం కలిగింది.

మీరు గ్రూపులో తిప్పుతున్న ఫొటో సంగతి కూడా చెప్పాలి. బంతి మోచేతిని తాకిన క్షణాన్ని ఆపి తీసిన ఫొటోలో ఏ చెయ్యైనా నేరం చేస్తున్నట్టే కనబడుతుంది, ఎందుకంటే కదలిక పోయి ఆకారం ఒక్కటే మిగులుతుంది. వార్ రిఫరీల కోసం, అంటే వీడియో చూసి గ్రౌండ్‌లో రిఫరీకి సాయపడేవాళ్ల కోసం, రాసిన పద్ధతిలోనే ఈ జాగ్రత్త ఉంది: బంతి ఎక్కడ తగిలింది అని తెలుసుకోవడానికి స్లో మోషన్ వాడొచ్చు, కానీ అది హ్యాండ్‌బాల్ తప్పా కాదా అని తేల్చడానికి మామూలు వేగంలోనే చూడాలి. కాబట్టి ఆ ఫొటో చూసి పెనాల్టీ అన్నవాళ్లదీ తీర్పు కాదు, కాదన్నవాళ్లదీ తీర్పు కాదు. వీడియోని మామూలు వేగంలో, షాట్‌కి రెండు సెకన్ల ముందు నుంచి చూడండి.

ఇక కుకురెయా. యూరో కప్, 2024 జులై 5, స్టుట్‌గార్ట్, స్పెయిన్ జర్మనీ క్వార్టర్ ఫైనల్. మనకి రాత్రి తొమ్మిదిన్నరకి మొదలై అర్ధరాత్రి దాకా సాగింది. అదనపు సమయంలో స్కోరు 1-1 ఉండగా జర్మనీ ఆటగాడు ముసియాలా కొట్టిన షాట్ కుకురెయా ఎడమ చేతికి తగిలింది. రిఫరీ ఆంథొనీ టేలర్ ఇవ్వలేదు, వార్ కూడా కలగజేసుకోలేదు. తర్వాత 119వ నిమిషంలో మెరినో హెడ్‌తో స్పెయిన్ గెలిచింది. ఆ టోర్నీకి ముందు చెయ్యి నిలువుగా కిందికి, ఒంటికి దగ్గరగా ఉంటే వదిలెయ్యమనే ధోరణిలో, ఆ టోర్నీ నడిపే యూరప్ ఫుట్‌బాల్ సంస్థ యూఈఎఫ్ఏ రిఫరీలకి చెప్పింది, టేలర్ దాని ప్రకారమే పోయాడు అనుకోవచ్చు. కానీ ఆ సెప్టెంబరులో యూఈఎఫ్ఏ రిఫరీల కమిటీయే, గోల్ మీదికి వెళ్లే షాట్‌ని ఆపిన చెయ్యి విషయంలో ఇంకా గట్టిగా ఉండాలని, ఆ సంఘటనకి పెనాల్టీ ఇవ్వాల్సిందని తేల్చింది. అంటే "కుకురెయాకి ఇవ్వలేదు కాబట్టి మాకూ ఇవ్వకూడదు" అని మీరు పట్టుకున్న ఉదాహరణ తప్పని యూఈఎఫ్ఏయే చెప్పేసింది. పైగా అతని చెయ్యి కిందికే ఉంది, మీవాడి మోచెయ్యి భుజం ఎత్తున ఉంది, రెండూ ఒకటి కావు.

అదే టోర్నీలో ఆరు రోజుల ముందు, డోర్ట్‌ముండ్‌లో జర్మనీ డెన్మార్క్ మ్యాచ్ మీ సంఘటనకి దగ్గర. దగ్గర్నుంచి వచ్చిన క్రాస్, డెన్మార్క్ డిఫెండర్ ఆండర్సన్ చెయ్యి ఒంటికి దూరంగా ఉంది, బంతి లోపల పెట్టిన సెన్సర్ ఆ తాకిడిని గ్రాఫ్‌లో చూపించింది, రిఫరీ మైకేల్ ఆలివర్ తెర దగ్గరికెళ్లి చూసి పెనాల్టీ ఇచ్చాడు, హవెర్ట్జ్ గోలు కొట్టాడు, జర్మనీ 2-0తో గెలిచింది. అంతకు కాస్త ముందే ఆ ఆండర్సన్ కొట్టిన గోలు ఆఫ్‌సైడ్‌తో పోయింది. అతని మొహం చూస్తే నాకు జాలేసింది. నా మటుకు నాకు అది కాస్త కఠినమైన పెనాల్టీ, ఎందుకంటే అతను కదలికలో ఉన్నాడు. మీ స్టాపర్ కదలికలో లేడు.

కార్డు గురించి కూడా అడిగావు: "పెనాల్టీ ఇచ్చి ఎల్లో ఇవ్వలేదంటే రిఫరీకే నమ్మకం లేదన్నమాట కదా మాస్టారూ" అని. కాదు. 2024-25 నుంచి, కావాలని చెయ్యని హ్యాండ్‌బాల్‌కి పెనాల్టీ ఇచ్చినప్పుడు శిక్ష తగ్గించారు. ఖాయమైన గోలు అవకాశాన్ని ఆపితే రెడ్ బదులు ఎల్లో, మంచి దాడిని మాత్రమే ఆపితే కార్డే లేదు. మీ గోలీ తన చోటులోనే ఉన్నాడు, వెనక ఇంకో డిఫెండర్ ఉన్నాడు, కాబట్టి ఖాయమైన గోలు అనలేం. కార్డు లేకపోవడమే సరైనది. కావాలని ఆపితే కథ వేరు. 2010 వరల్డ్ కప్‌లో ఉరుగ్వే ఆటగాడు సువారెజ్ ఘానా మీద గోల్ లైన్ దగ్గర చేతులతో బంతి ఆపినప్పుడు రెడ్ వచ్చింది, ఘానా తరఫున గ్యాన్ కొట్టిన పెనాల్టీ బారుకి తగిలింది. గోల్ దగ్గర కావాలని చేసే అలాంటి తప్పులకి శిక్షగానే కదా అసలు పెనాల్టీ కిక్ పుట్టింది, ఐర్లండ్‌కి చెందిన గోలీ విలియం మెక్రమ్ ఆలోచన, 1891లో నియమాల్లోకొచ్చింది. అప్పటి రోజులతో పోలిస్తే ఇప్పుడు కావాలని చేసినదానికీ అజాగ్రత్తగా చేసినదానికీ ఒకటే పెనాల్టీ, 11 మీటర్ల నుంచి ఒకటే కిక్. ఇది నాకూ అంత నచ్చదు. బాక్సు చివర మోచేతికి రాసుకుపోయిన బంతికి, గోల్ లైన్ మీద ఆపిన బంతికి తేడా ఉండాలనే నా అభిప్రాయం. కానీ గ్రౌండ్‌లో నా అభిప్రాయం కాదు, పుస్తకంలో ఉన్నదే నడుస్తుంది.

మీ బావా బామ్మర్దులకి ఈ మాట చెప్పు. "కావాలని కాదు" అన్నవాడు జరిగినదాన్ని సరిగ్గా చూశాడు, నియమాన్ని తప్పుగా చదివాడు. "తగిలితే పెనాల్టీ" అన్నవాడికి ఫలితం కుదిరింది, దారి తప్పింది. ఇద్దరూ ఒకే వీడియోలో సగం సగం చూశారు.

ఇంతకీ నన్ను ఎక్కువ బాధపెట్టింది రిఫరీని తిట్టడం కాదు. 22 ఏళ్లలో చాలా తిట్లు పడ్డాను, గ్రౌండ్ చుట్టూ జనం మూగితే పోలీసు జీపులో బయటికొచ్చిన రోజూ ఉంది. బాధేసింది ఆ స్టాపర్ మ్యాచ్ అయ్యాక ప్రాక్టీసుకి రావడం మానేశాడని రాశావు చూడు, అది. అతని ఫొటో గ్రూపులో తీసెయ్యండి, ఈ రోజే. అతను చేసింది చెడ్డ పని కాదు, ఎవరూ నేర్పని పని. షాట్ మీదికొస్తే వీపు తిప్పడం, మోచెయ్యి ఎత్తడం చిన్నప్పుడు గల్లీలో ఆడినప్పటి అలవాటు. చేతులు వెనక్కి కట్టుకోమని చాలామంది కోచ్‌లు చెప్తారు, అది పూర్తిగా మంచిది కాదు, చేతులు కట్టుకుంటే తిరగడం రాదు, పక్కకి కొడితే పడిపోతాడు. దానికన్నా మోచేతులు పక్కటెముకలకి ఆనించి, ముంజేతులు పొట్ట ముందు ఉంచి, ఛాతీ బంతివైపే పెట్టి నిలబడటం నేర్పాలి. కళ్లు మూయకూడదు. మొదట మెత్తటి బంతితో, ఐదు మీటర్ల నుంచి మొదలుపెట్టి, తర్వాత అసలు బంతితో మూడు మీటర్లకి తేవాలి. రెండు వారాలు రోజుకి ఇరవై నిమిషాలు చేస్తే ఒళ్లు తనంతట తనే నేర్చుకుంటుంది. నేను చాలామంది పిల్లల్లో చూశాను.

వచ్చే ఆదివారం నాకు మ్యాచ్ లేదు. పొద్దున్న ఆరింటికి మీ గ్రౌండ్‌కి వస్తాను, బంతులు నేను తెస్తాను. వాణ్ణి ఇంటికెళ్లి నువ్వే పిలుచుకురా. ఫోన్ చేస్తే రాడు.